చంకలో బిడ్డ

"బిడ్డను సొల్పసేపు ఇట్లియ్యమ్మా ఇసబెల్లా, నీకూ ఒక బిందె పట్టిచ్చేస్తాను" అంటూ పక్కింటి రామక్క, జవాబు కోసం ఆగకుండానే లియోను చంకకెత్తుకుంది.

ఇసబెల్లా కాదనలేకపోయింది. ఇంట్లో నీళ్ళు చుక్క లేవు. రోజూ నీళ్ళు పట్టే భర్త రాయ్‌కి డ్యూటీ మారింది, తెల్లారకముందే బెంగళూరు రైలెక్కేశాడు. ఆమెకు ఏడో నెల. బరువెత్తొద్దు, ఎండలో నిలబడొద్దు అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. రెండేళ్ళు నిండని లియోకు వీపంతా చెమటకాయలు. రాత్రంతా గీరుకుంటూ ఏడ్చాడు. వాడికి నాలుగు చెంబుల నీళ్ళు పొయ్యాలి. ఈ పూట ట్యాంకరు పోతే మళ్ళీ ఎల్లుండే.

గనివాళ్ళ పాత లైను ఇళ్ళ మధ్య ఆగే ఆ ట్యాంకరు దగ్గర ఒక నియమం ఉంది. చంకలో బిడ్డ ఉన్న తల్లి, కడుపుతో ఉన్న ఆడమనిషి వరుసలో నిలబడనక్కరలేదు, నేరుగా ముందుకు పోవచ్చు. తల్లుల మీద జాలితో పెద్దలు ఎప్పుడో పెట్టిన నియమం. పోయిన ఏడాది దాకా అది ఎవరికీ గుర్తు లేదు. ఈ ఎండలకు అందరికీ గుర్తొచ్చింది. అయితే సెలవులని పిల్లలున్నవాళ్ళంతా పుట్టిళ్ళకు పోయారు. వీధి మొత్తానికి చంకకెత్తుకోదగిన బిడ్డ లియో ఒక్కడే మిగిలాడు.

కాసేపటికి రామక్క తిరిగొచ్చింది. లియో చేతిలో అరటిపండు ఉంది. ఇసబెల్లాకు తెస్తానన్న బిందె లేదు.

"ఏం చెప్పేది తల్లీ, నా రెండు బిందెలు నిండినాయో లేదో, ఆ ట్యాంకరు నరసింహప్ప పైపు లాగేసినాడు. ఈ ఎండాకాలానికే కొత్తగా వచ్చినాడు కదా, మంచీ చెడూ తెలీదు. నీకు సౌభాగ్య తెస్తాది, ఉండు."

సౌభాగ్య అప్పటికే గుమ్మంలో ఉంది. ఆమె తెలివైన మనిషి, బిస్కెట్ పొట్లంతో వచ్చింది.

"యాడ నా బంగారు? నన్ను అమ్మా అను, ఇస్తాను."

"అమ్మా" అన్నాడు లియో.

"చూస్తివా ఇసబెల్లా, ఎంత బుద్ధిమంతుడో!"

సౌభాగ్య బిందెలూ నిండాయి. ఇసబెల్లాకు తేవాల్సిన బిందె దారిలో ఒలికిపోయిందట. చీర మాత్రం ఎక్కడా తడవలేదు.

తర్వాత డయానా వచ్చింది. చుడీదారు వేసుకుని, కాలేజీ బ్యాగు భుజాన అలాగే ఉంచుకుని లియో కోసం చేతులు చాచింది.

"నీకు పెళ్ళే కాలేదు గదే!" అంది ఇసబెల్లా.

"దానికేమక్కా, నరసింహప్పన్న పైపు చూస్తాడు గానీ మన మొహాలు చూస్తాడా?"

ఆ తర్వాత వచ్చినవాళ్ళు అడగడం కూడా మానేశారు. లియో ఒక చంక నుంచి ఇంకో చంకకు వీధిలోనే మారిపోయాడు. బొద్దుగా ఉన్నాడని ఒకరు, బరువుగా ఉన్నాడని ఒకరు చెప్పుకున్నారు. నీళ్ళ మాట ఎవరూ ఎత్తలేదు.

ట్యాంకరులో నీళ్ళు అడుగంటిన చప్పుడు విని ఇసబెల్లా ఇంక కూర్చోలేకపోయింది. చిన్న బకెట్ తీసుకుని ఎండలోకి నడిచింది. ఎవరి చంకలోనో ఉన్న లియోను తీసుకుని తన చంకనేసుకుంది.

"కడుపుతో ఉండాది పాపం, దారియ్యండి" అంది, మూడో బిందెతో మళ్ళీ వరుసలోకి చేరిన రామక్క. అందరూ ఎంతో మర్యాదగా తప్పుకున్నారు.

నరసింహప్ప పైపును వెనక్కి తీసుకున్నాడు.

"మళ్ళీ ఈ బిడ్డేనా?"

"నా బిడ్డన్నా."

"అందరూ అదే చెప్పిరి. పొద్దున్నించీ వీడి పేరు మీద పట్టిన నీళ్ళతో ఏనుక్కు స్నానం చేయించొచ్చు."

"నిజంగా నేను కన్న బిడ్డన్నా! ఒళ్ళంతా చెమటకాయలు, చూడు."

"బ్యాగు తగిలించుకున్న పిల్ల కూడా చెమటకాయలనే చెప్పింది. ఇంగ ఎందుకు, వాణ్ణే అడుగుదాం. ఏమప్పా, మీయమ్మ యాడ?"

లియో తీరిగ్గా అందరినీ చూశాడు. తల్లి చేతిలో ఖాళీ బకెట్ ఉంది. సౌభాగ్య చేతిలో సగం పొట్లం ఇంకా మిగిలి ఉంది. వాడు రెండు చేతులూ చాచి అటు వంగాడు.

"అమ్మా!"

వరుసంతా నవ్వింది. నిజం తెలిసినవాళ్ళు అందులో చాలామందే ఉన్నారు. చెబితే ఎవరెన్ని బిందెలు పట్టుకున్నదీ చెప్పాల్సి వస్తుంది. రామక్క ఆకాశం వైపు చూసింది. సౌభాగ్య పొట్లం కొంగు కింద దాచుకుంది. డయానా ఫోన్ చెవికి ఆనించుకుంది.

ఇసబెల్లా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు.

"బిడ్డ సంగతి పోనీలే అన్నా. కడుపుతో ఉన్నోళ్ళకు ముందు పట్టాల గదా?" అంటూ లియోను కిందికి దించి, నడుం మీద చెయ్యి వేసుకుని, ఎత్తయిన పొట్ట అందరికీ కనబడేలా నిటారుగా నిలబడింది. "ఇదన్నా చూడు."

నరసింహప్ప ఆ పొట్టను ఈ పక్క నుంచి, ఆ పక్క నుంచి శ్రద్ధగా చూశాడు. మెచ్చుకున్నట్టు తల ఊపాడు.

"బిడ్డనంటే ఎవురైనా ఇస్తారమ్మా! ఈ కడుపు ఎవురింట్లో అడిగి తెచ్చుకుంటివి?"