అన్నం వడ్డించేలోగా ఒక జవాబు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేకపోతోంది. మబ్బు బైలాడిలా కొండ మీదికి దిగుతుంది, కాస్త ఉరుముతుంది, మళ్లీ పైకి లేచి ఎండకు దారిస్తుంది. బచేలీలో రాజేశ్వరరావు గారి పెరట్లో చింతకొమ్మకు యాంటెనా తీగ కడుతున్న గిరీష్ పరిస్థితీ అలాగే ఉంది. ఓసారి నవ్వు, ఓసారి చెమట.

“ఉరుముతోందయ్యా. తీగ కొస లోపలికి తేకు,” అరుగు మీంచి అన్నాడు రాజేశ్వరరావు. “కిటికీ అవతలే వేలాడనీ. మబ్బు పోయాక సెట్టుకి తగిలిద్దువు గాని.”

“అట్లనే సార్.”

“ఆ తీగ లేకపోతే నీ సెట్టు కూత మన ప్రహరీ కూడా దాటదు.”

ఆయన ఇనుప గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇంట్లోని సెట్టుతోనే ఎక్కడెక్కడి వాళ్లనో పలకరించే హామ్ రేడియో ఆయన పిచ్చి. ఆయన గది నిండా సెట్లే. గిరీష్‌ది భోపాల్‌పట్నం. నగర్‌నార్ ఉక్కు ఫ్యాక్టరీలో కంప్యూటర్ ముందు ఉద్యోగం. ఆయన కూతురు కల్యాణిని చేసుకుంటానని అడిగితే ఆయన అవుననలేదు, కాదనలేదు. “చుక్కలూ గీతల మోర్స్ భాష నేర్చుకుని రేడియో లైసెన్సు తెచ్చుకో,” అన్నాడు. తెచ్చుకున్నాడు. అప్పుడు రేడియో సెట్టు విడిభాగాలున్న చిన్న అట్టపెట్టె ఒకటి చేతిలో పెట్టాడు.

“ఇది మా ఇంట్లో కూర్చుని నీ చేత్తో కట్టు. అన్నం వడ్డించేలోగా నీ పిలుపుకి ఎవరో ఒకరు జవాబివ్వాలి. ఇస్తే ముహూర్తం పెట్టుకుందాం. లేకపోతే మధ్యాహ్నం బస్సుంది.”

అదీ సంగతి. ఇప్పుడు వంటింటి గుమ్మం పక్కనే బల్ల మీద గిరీష్ జాతకం ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది.

“ఇక్కడోళ్లల్లో పెళ్లికి ముందు కుర్రోడు అత్తారింట్లో కొన్నాళ్లు పని చెయ్యాలంట బాబూ,” వంకాయలు తరుగుతూ అంది కల్యాణి తల్లి వరహాలమ్మ. “దుక్కి దున్నాలి, కట్టెలు కొట్టాలి. మీ మావయ్యగారు ఆ పద్ధతే పట్టుకున్నట్టున్నారు.”

అరుగు మీద దగ్గు వినిపించింది. “మావయ్య ఏటి, అప్పుడే?”

“నోరు జారింది లెండి!” అని ఆమె గిరీష్‌కి కన్ను గీటింది.

గిరీష్ ఉంగరమంత నల్లటి రింగు మీద సన్నటి రాగి తీగ చుడుతున్నాడు. కల్యాణి చుట్లు లెక్కపెడుతోంది.

“ఆగండాగండి. ఎన్నోది అన్నాను?”

“నాకేం తెలుసు? నేను నీ మొహం చూస్తున్న.”

“నా మొహం మీద రాసుందా? విప్పండి. మొదట్నించి చుట్టండి.”

“మళ్లనా?”

“పోనీ బస్సెక్కుతారా?”

విప్పాడు. మళ్లీ చుట్టాడు. బోర్డుకి టంకం పెడుతూ వేలు కాల్చుకున్నాడు. వరహాలమ్మ నెయ్యి గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

“అమ్మా, వద్దు!” అంది కల్యాణి. “బోర్డు మీద పడితే పోపు పెట్టినట్టవుతుంది.”

ముగ్గురూ పడీపడీ నవ్వారు. అరుగు మీద మాత్రం పేపరు కదల్లేదు.

కూర దించే వేళకి సెట్టు పూర్తయింది. బ్యాటరీ తగిలిస్తే బియ్యపు గింజంత ఎర్ర లైటు వెలిగింది. కల్యాణి చప్పట్లు కొట్టింది. “దీపం పెట్టాడే నా అల్లుడు!” అని వరహాలమ్మ గరిటెతోనే హారతి పట్టింది.

రాజేశ్వరరావు లేచి వచ్చాడు. టంకాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. సెట్టు వెనక్కి వంగి చూశాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. మబ్బు పోయి ఎండ కాస్తోంది.

“చేతులు వణుకుతున్నాయేటి?”

“వణుకుతున్నయి సార్.”

“నేనిక్కడుంటే ఇంకా వణుకుతాయి. కాసేపు నడుం వాలుస్తాను.” తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

గిరీష్ మోర్స్ కీ నొక్కడం మొదలుపెట్టాడు. ఎవరైనా ఉన్నారా, ఎవరైనా ఉన్నారా అని అడిగి, చివర లైసెన్సులో ఇచ్చిన తన గుర్తు కొట్టి, చెవులు రిక్కించాడు.

స్పీకర్లో చడీచప్పుడూ లేదు.

“ఇంత నిశ్శబ్దమేంది? ఆదివారమని అందరూ పండుకున్నరా?”

మళ్లీ పిలిచాడు. మళ్లీ ఏమీ లేదు.

“అన్నం వార్చేశాను బాబూ,” పొయ్యి దగ్గర్నించి గొంతు తగ్గించి అంది వరహాలమ్మ. “ఇక అప్పడాలే మిగిలాయి. అవీ అయిపోతే నా చేతుల్లో ఏటీ లేదు.”

“మెల్లగా వేయించమ్మా!”

“ఒక్కొక్కటే వేయిస్తున్నానే. అటు మాడుస్తున్నాను, ఇటు మాడుస్తున్నాను.”

అప్పడాల డబ్బా అడుగు కనిపిస్తుండగా స్పీకర్లోంచి సన్నగా, తీరుబాటుగా కూత మొదలైంది.

“పలికిందే! తల్లీ, పలికిందే!” వరహాలమ్మ కేకకి, జారిపడిన గరిటె మోతకి అవతలివాళ్ల గుర్తు కాస్తా కొట్టుకుపోయింది. మిగతాది గిరీష్ ఊపిరి బిగబట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుని పైకి చదివాడు. “నీ పిలుపు... బాగా అందింది. చెయ్యి... బాగుంది. సెలవు.”

ఇక ఆ ఇంట్లో ఎవరి కాళ్లూ నేల మీద లేవు. కల్యాణి గిరీష్ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పింది. వరహాలమ్మ అతని నోట్లో మాడిన అప్పడం కుక్కింది.

“పక్కన కూసొని కొట్టినంత గట్టిగ వచ్చింది! రాయ్‌పూర్ ఆయనో, విశాఖ ఆయనో!”

గది తలుపు తెరుచుకుంది. రాజేశ్వరరావు ఆవులిస్తూ వచ్చాడు. “ఎవరు పలికారు?”

“గుర్తు అందలేదు సార్. అత్తయ్యగారి గరిటె...”

“నా మీద తొయ్యకు బాబూ!”

“పలికారా, లేదా?”

“పలికిన్రు సార్!”

“అయితే వడ్డించండి.” ఆయన కింద కూర్చుని, పక్కన చోటు చూపించాడు. “ఇలా కూర్చో.”

వంకాయ కూర, పప్పు, అప్పడాల గుట్ట. గిరీష్ ముద్ద కలుపుతూ, దండం పెట్టుకుందామన్నట్టు చింతచెట్టు వైపు చూశాడు.

తీగ కొస కిటికీ అవతల గాలికి ఊగుతోంది. తగిలించడమే మరిచిపోయాడు.

ముద్ద చేతిలోనే ఆగిపోయింది. చెప్పేద్దామని పక్కకు తిరిగాడు. రాజేశ్వరరావు తల ఎత్తకుండానే అతని విస్తట్లో ఇంకో అప్పడం వేశాడు. గిరీష్ నోరు మూసుకుని తినసాగాడు.

ఆయన రెండు చెవుల చుట్టూ హెడ్‌ఫోన్ల అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది.