పన్నెండు కళ్ళజోళ్ళ కాలేజీ

“సిస్టమ్ ఒప్పుకోదమ్మా. నేనేటి సెయ్యను?”

ప్రిన్సిపాల్ అనంతపద్మనాభం కంప్యూటర్ తెరను లెక్చరర్ అనూరాధ వైపు తిప్పాడు. కూర్మమ్మ అన్న పేరు పక్కన ఎర్రగా మెరుస్తోంది, హాజరు నాలుగు శాతం.

“ఆ పిల్ల ముక్కాం నుంచి రెండు బస్సులు మారి వస్తాది సార్. ఒక్కరోజు మానలేదు. సముద్రం మీద వేటకెళ్ళే ఇంట్లోంచి వచ్చి ఇంజినీరింగు చదువుతున్నాది. సోమవారం పరీక్షలు. హాలుటికెట్ ఇవ్వకపోతే ఏడాది పోతాది.”

“కాలేజీకి రావడం వేరు, లోపలికి రావడం వేరు.”

లోపల అంటే క్లాసు గదిలో అనుకునేరు! గరివిడి దగ్గరున్న ఆ కాలేజీ ఈ ఏడు వర్చువల్ ప్రపంచంలోకి మారిపోయింది. కళ్ళకు పెట్టె లాంటి జోడొకటి తగిలించుకుంటే మూడంతస్తుల లైబ్రరీ, పాలరాతి మెట్లు, ఫౌంటెన్ కనిపిస్తాయి. జోడు తీస్తే కనిపించేది తాళం వేసిన ఒకే ఒక్క బీరువా. ఆ తాళంచెవి పోయి రెండేళ్ళయింది. పాఠాలు ఆ లోపలే, హాజరూ ఆ లోపలే. పిల్లలు అరవైమంది, కళ్ళజోళ్ళు పన్నెండు. పదింటిని మేనేజ్‌మెంటు కోటా పిల్లలు వదలరు. మిగిలిన రెండింటినీ యాభైమంది వంతులేసుకోవాలి. వంతు రాని రోజున పిల్ల బెంచీ మీద ఎదురుగా కూర్చున్నా రానట్టే లెక్క. ఏం చదువండీ బాబూ!

“ఆ యాభైమందీ సప్లిమెంటరీ రాసుకుంటారులే,” అన్నాడు అనంతపద్మనాభం చల్లగా. “ముందు శుక్రవారం సంగతి సూడు. కాలేజీలకి గ్రేడిచ్చే కమిటీ ఆ లోపలికే వస్తాదన్నావు కదా. లింకులు పంపించేవా? అతిథుల లింకుంటే జోడు లేకపోయినా ఏ కంప్యూటర్లోంచైనా దిగొచ్చు కదా.”

అనూరాధకు ఒళ్ళు మండిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

“కమిటీ ఉత్తరాలన్నీ నేనే కదా సార్ సూస్తున్నాను. లింకులు కూడా నేనే పంపుతాను.”

శుక్రవారం పిల్లలకు సెలవిచ్చేశారు. ఉంటే నిజాలు మాట్లాడతారని ప్రిన్సిపాల్ భయం. కళ్ళజోళ్ళు అటెండరు ఎల్లాజీకి, క్యాంటీన్ భారతికి, బస్సు డ్రైవరు రమేష్‌బాబుకి, మరికొంతమంది స్టాఫుకి తగిలించారు. లోపల అందరూ నీలం కోట్లు, టైలు కట్టిన విద్యార్థులు. భారతికి ఎలా వచ్చిందో గానీ కోరమీసం వచ్చింది. ఎల్లాజీ లోపల పాలరాతి మెట్లెక్కబోయి బయట బీరువాకు గుద్దుకున్నాడు.

సరిగ్గా పదకొండింటికి కమిటీ దిగింది. ముగ్గురూ సూటూబూటూ. ముందున్న ఛైర్మన్ తెల్లజుట్టు పెద్దమనిషి. పేరు ఆచార్య జగన్నాధం అని తల మీదే తేలుతోంది. గొంతు బావిలోంచి వచ్చినట్టుంది.

“నీది ఎన్నో ఏడు బాబూ?” అని ఎల్లాజీని అడిగాడు.

“పదమూడేళ్ళయిపోనాది బాబూ.”

అనంతపద్మనాభం మధ్యలో దూరిపోయాడు. “అంటే... పదమూడేళ్ళ నుంచి మన కాలేజీలో సేరాలని కలలు కన్నాడండి!”

ఛైర్మన్ లైబ్రరీలోకి నడిచి ఒక పుస్తకం మీద చెయ్యేశాడు. అది రాలేదు. ఇంకొకటి లాగాడు. అదీ రాలేదు.

“ఇదేటి, ఒక్కటీ తెరుసుకోదు?”

ఆ యాస వినగానే ప్రిన్సిపాల్ ప్రాణం లేచొచ్చింది. “సార్‌ది మనవైపేనాండీ?”

“ఆఁ... శ్రీకాకుళం.”

ఇంకేం కావాలి! ఢిల్లీ నుంచి ఎవడో దిగి ఇంగ్లీషులో దులిపేస్తాడనుకుంటే మనోడే తగిలాడు. అనంతపద్మనాభం ఆనందం పట్టలేక, మీ ఊళ్ళో మా మేనత్త ఉండేదండీ అని కూడా చెప్పుకున్నాడు. పుస్తకాల సంగతి గాలికెగిరిపోయింది.

“హాజరు పట్టీ సూపించండి,” అన్నాడు ఛైర్మన్.

లోపలి గోడ మీద యాభై పేర్లు ఎర్రగా వెలిగాయి. పక్కనున్న సభ్యుడు గట్టిగా దగ్గి అన్నాడు:

“ఇంత తక్కువ హాజరున్న కాలేజీకి మేం గ్రేడు ఇవ్వలేం.”

“టెక్నికల్ పొరపాటండి! ఒక్క పావుగంట!” అనంతపద్మనాభం మైకు ఆపి, కళ్ళజోడు నుదుటి మీదకు తోసేసి, పక్కనే నిలబడ్డ అనూరాధ మీద పడ్డాడు. “అందరికీ తొంభై వేసెయ్యి!”

“సిస్టమ్ ఒప్పుకోదేమో సార్.”

“దాని బాబు ఒప్పుకుంటాడు! వెయ్యమంటుంటే!”

ఆమె వేసింది. ఎరుపంతా పచ్చబడింది.

“తొంభై ఉన్నోళ్ళకి హాలుటికెట్లు ఆపేరేటని అడిగితే?” అంది మెల్లగా.

ప్రిన్సిపాల్ జేబులోంచి పెన్ను లాగాడు. “అడిగేలోపే ఇచ్చేద్దాం. పట్రా, పట్రా!”

యాభై హాలుటికెట్ల మీదా నిలబడే సంతకాలు గీకేశాడు. కూర్మమ్మ టికెట్ మీద పెన్ను ఆగలేదు. ఎవరిదో చూస్తే కదా! కళ్ళజోడు దించుకుని మళ్ళీ లోపలికెళ్ళి, వంగి వంగి నమస్కారం పెట్టాడు.

“సాలా సంతోషం,” అన్నాడు ఛైర్మన్. “పిల్లలంటే మీకెంత అభిమానమండీ!” ముగ్గురూ మాయమయ్యారు. ఎల్లాజీ నీలం కోటుతోనే చప్పట్లు కొట్టాడు.

పన్నెండు దాటాక అనూరాధ హాలుటికెట్ల కట్ట, అవి అందినట్టు సంతకాలు పెట్టించుకునే రిజిస్టరు చంకలో పెట్టుకుని బస్టాండు పక్కనున్న ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళింది. కూర్మమ్మ ఇద్దరు స్నేహితురాళ్ళతో అక్కడే మూడు కంప్యూటర్ల ముందు కూర్చుని ఉంది. టికెట్ మీద తన ఫొటో, కింద ప్రిన్సిపాల్ సంతకం చూసేసరికి ఆ పిల్లకు ఏడుపు ఆగలేదు.

“మా అయ్యకి ఏటి సెప్పాలో తెలీక రెండ్రోజులై అన్నం తిన్లేదు మేడమ్.”

“పరీక్ష రాస్తన్నానని సెప్పు,” అని అనూరాధ రిజిస్టరు తెరిచి పెన్ను చేతికిచ్చింది.

“ఇక్కడ సంతకం పెట్టండి, ఛైర్మన్ గారూ.”