ప్రథమ ఫలం

“మీ వెనక ఎవరున్నారు?” అడిగాడు కంపెనీ లాయరు మల్హోత్రా.

“కుర్చీ,” అంది రెబ్కా.

విచారణ గదిలో ఎవరో నవ్వు ఆపుకున్నారు. పేటెంటు అధికారి భరద్వాజ్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, “కానివ్వండి” అన్నాడు.

రెబ్కా ఫరీదాబాద్‌లో ఒక ధర్మాసుపత్రిలో హెడ్ నర్సు. కాకినాడ నుంచి ఉత్తరాదికి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. హిందీ బాగానే వచ్చు. కోపం వస్తే ఇంకా బాగా వస్తుంది.

గొడవంతా రోగుల మణికట్టుకు కట్టే పట్టీల గురించి. వాటికి తీగలుండవు. గాలిలోనే ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఎవరికైనా నాడి పడిపోతే నర్సు నడుముకున్న చిన్న పెట్టె మోగుతుంది. ఆ పద్ధతి మీద కంపెనీ పేటెంటు అడిగింది. అది చేతికి రాగానే రెబ్కా వార్డులో పట్టీలన్నీ విప్పించేస్తామని ముందే కబురు పెట్టింది.

పేటెంటు ఇచ్చేలోపు ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చని చట్టం. రెబ్కా చెప్పింది.

“అసలు మీకు రేడియో గురించి ఏం తెలుసు ఆంటీజీ?” అన్నాడు మల్హోత్రా తీయగా.

“ఏమీ తెలియదు. పెట్టె మోగితే పరిగెత్తడం తెలుసు.”

మల్హోత్రా పక్కనే, ఆ పద్ధతి కనిపెట్టిన ఇంజినీరు నథానియేలు తల వంచుకుని కూర్చున్నాడు. అడిగితే తప్ప నోరు విప్పొద్దని లాయరు అతనికి ముందే చెప్పాడు. చొక్కా కాలర్ ఒకవైపు లోపలికి మడతపడి ఉంది. రెబ్కా చూపు ఒక్క క్షణం అక్కడ ఆగి, మళ్ళీ లాయరు మీదికి తిరిగింది.

“ఇది కొత్త వస్తువు కాదు సార్,” అంది భరద్వాజ్‌తో. “కంపెనీ అర్జీ పెట్టడానికి ఏడాది ముందే ఢిల్లీలో మా తెలుగు చర్చిలో కోతల పండుగకు వచ్చింది.”

“కోతల పండుగా? ఢిల్లీలోనా? మీకు పొలాలెక్కడివి?”

“అందుకే సార్, ఎవరి కష్టంలో మొదట పండింది వాళ్ళు తెస్తారు. కుట్టుపని చేసే ఆమె గౌను తెస్తుంది. పచ్చళ్ళు పెట్టే ఆమె జాడీ తెస్తుంది. ప్రార్థన అయ్యాక అన్నీ వేలం వేస్తారు. ఈ ఇంజినీరు గారు అప్పుడు కటవారియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకునేవారు. ఆయన పట్టీలూ పెట్టే తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు.”

ఆనాటి వీడియో సీడీ ఆమె ముందే దాఖలు చేసింది. భరద్వాజ్ తెర వైపు తిరిగాడు. గుమ్మడికాయ వేలం అయింది. కోడిపుంజు వేలం అయింది. తరవాత పట్టీలు వచ్చాయి. ఎవరూ పాడలేదు. అంతలో ఒక ఆడ గొంతు గట్టిగా పాడింది. పచ్చళ్ళావిడ సరదాకి పోటీకి వస్తే ఆ గొంతు ఇంకా పైకి పాడింది.

“ఆ గొంతు మీదేగా?” మల్హోత్రా ముందుకు వంగాడు. “పనికొస్తుందో లేదో తెలియని వస్తువు కోసం అంత పట్టుదల దేనికి?”

“అందరూ చూస్తుండగా అది అలా దిక్కులేకుండా పడి ఉంటే నాకు ప్రాణం ఒప్పలేదు.”

“అచ్ఛా! మూసిన పెట్టెను చూసినంత మాత్రాన లోపలి పద్ధతి లోకానికి తెలిసినట్టు కాదు మేడమ్.”

“పెట్టె మూసి లేదు. ఎలా పనిచేస్తుందో విప్పి చూపిస్తూ చర్చిలో అందరి ముందూ సాక్ష్యం చెప్పారు. ఇదిగో, వస్తోంది, చూడండి. మా ఆసుపత్రిలో మిషన్లు బాగుచేసే వీరరాఘవులు ఆ మాటలు విన్నాడు. నేను తెచ్చిన పెట్టె చూసి వార్డుకంతా చేశాడు. అప్పటికి మీ కంపెనీ అర్జీ ఊసే లేదు.”

తెర మీద నథానియేలు నవ్వుతూ, బొమ్మ గీసి మరీ వివరిస్తున్నాడు. గదిలోని నథానియేలు తల ఎత్తలేదు.

మల్హోత్రా గొంతు మారింది. “ఈ కుర్రాడి మొదటి పేటెంటు ఇది. అతని పేరు మట్టిలో కలుపుతున్నారు. మీకు జాలి లేదా?”

“అతని బతుకు గురించి మీరు బెంగపడకండి. నా వార్డులో పట్టీ విప్పిన పూట ఎవరి నాడి ఆగుతుందో, దాని గురించి బెంగపడండి.”

భరద్వాజ్ చేయి ఎత్తి ఇద్దరినీ ఆపాడు. “మిస్టర్ నథానియేలు, ఈ సీడీలో ఉన్నది మీరేనా? ఆమె చెప్పినట్టే జరిగిందా?”

లాయరు అతని మోచేతిని నొక్కాడు. అతను చేయి వెనక్కి తీసుకుని లేచి నిలబడ్డాడు.

“నేనే సార్. ఆమె చెప్పిందంతా నిజం.”

భరద్వాజ్ ఫైలు మూశాడు.

“అర్జీ నాటికే పదిమందీ చూసి, వాడుతున్న వస్తువు ఇది. పేటెంటు ఇవ్వడం కుదరదు. ఉత్తర్వు రాతలో వస్తుంది.”

మల్హోత్రా కాగితాలు బ్యాగులో కుక్కుకుంటూ, “మా ఇంజినీరుతో మీకింత పగేమిటో!” అన్నాడు.

రెబ్కా చీర కొంగు దులుపుకుని, నథానియేలు వైపు చూడకుండానే బయటికి నడిచింది.

ఎండ మండిపోతోంది. మలుపు దగ్గర బస్టాపు నీడలో నిలబడింది. కంపెనీ కారు ఆమె ముందు నుంచే వెళ్ళిపోయింది. కాసేపటికి ఒక స్కూటర్ వచ్చి పక్కన ఆగింది.

“ఎక్కమ్మా,” అంటూ హెల్మెట్ అందించాడు నథానియేలు, “నేను అభ్యంతరం పెట్టకూడదని ఉద్యోగంలో చేరిన రోజే నాతో సంతకం పెట్టించుకున్నారు గానీ, నన్ను కన్నతల్లి పెట్టకూడదని ఎక్కడా రాయించుకోలేదు.”