శుక్రవారం మార్పులు లేవు

“రేపు దాతలు వస్తున్నారు. కొత్త ప్రోగ్రాం ఇవాళే ఎక్కించు” అన్నాడు ఎన్డోలా ఆసుపత్రి డైరెక్టర్ చిషింబా.

అక్కడి కంప్యూటర్లన్నీ చూసుకునే ముతాలే కదల్లేదు. “శుక్రవారం నేనేదీ మార్చను సార్. తేడా వస్తే రెండు రోజులు సరిచేసేవాళ్ళుండరు. ఏ మంచానికి ఏ మందో ఎవరు చెప్తారు?”

“ఆసుపత్రి నీదా, నాదా?”

“మంచాల మీదున్నవాళ్ళది.”

“అయితే నిన్ను ఉద్యోగంలోంచి తీసేశాను. నీ పాస్‌వర్డు ఇప్పుడే రద్దు!”

“రద్దు చేయడం కూడా మార్పే సార్. సోమవారం చేస్తాను” అని ఇంటికి వెళ్ళి, ఆ రెండు రోజులూ పెరట్లో వేరుశనగ తవ్వుకుంది. దాతలు పాత తెరలే చూసి వెళ్ళారు.

సోమవారం ఏడింటికే వచ్చింది. నర్సులందరికీ మందుల జాబితాలు కాగితం మీద ఇచ్చి, కొత్త ప్రోగ్రాం ఎక్కించింది. రెండు గంటలసేపు ఒక్క తెరా వెలగలేదు. ఒక్క మందూ ఆగలేదు. అన్నీ సరిచేశాక, చివరగా కంప్యూటర్లలోంచి తన పేరూ పాస్‌వర్డూ తానే తీసేసింది.

అది విని చిషింబా పరుగున వచ్చాడు. “బా ముతాలే,” అంటూ ఈసారి గౌరవం చేర్చి పిలిచాడు. “ఏదో కోపంలో అన్నాను. మీ పేరు మళ్ళీ పెట్టుకోండి.”

“నాకిప్పుడు లోపలికి దారి లేదు సార్. అన్నిటినీ తెరిచే పెద్ద పాస్‌వర్డున్న కవరు మీ బీరువాలోనే ఉంది. నా పేరు మీ చేత్తో మీరే పెట్టాలి.”

ఆయన తాళంచెవి కోసం జేబులు తడుముకుంటుంటే, ముతాలే కుర్చీ లాక్కుని, ఉడకబెట్టిన వేరుశనగ డబ్బా తెరిచింది.