తీజ్ నాటి చెంబు

ఎముకల మజ్జలో పుట్టిన క్యాన్సర్ కిడ్నీలను తినేస్తోందని, నీళ్ళు తాగుతూ ఉంటేనే అవి నిలుస్తాయని పట్నా డాక్టరు మా ఆయనకు మరీ మరీ చెప్పాడు. అందుకే తీజ్ నాడు కూడా చెంబు నింపి నింపి మంచం పక్కన పెట్టాను. మొగుడి ఆయుష్షు కోసం మా ఆడవాళ్ళం ఆ రోజంతా, మర్నాడు తెల్లారేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టం.

సాయంత్రమైనా ఆయనకు మూత్రం రాలేదు. ఇన్ని నీళ్ళు ఎటు పోతున్నాయి? కిడ్నీలు ఆగిపోయాయా? తల్లీ పార్వతీ, నా ఉపవాసంలో ఏం లోపం జరిగింది?

ఆయన ముందు ఏడవలేక పెరట్లోకి వెళ్ళాను. వాన పడని రోజు, ఆయన మంచం పక్క కిటికీ కింద, కాకరపాదు దగ్గర నా కాలు బురదలో దిగబడింది.

"ఏమండీ! నీళ్ళన్నీ పాదుకు పోశారా? చస్తారు!"

"అరవకే ముసలిదానా. నీ పెదాలు అలా పగిలి ఉంటే నాకు గొంతు దిగుతుందా?"

"తెల్లారితే నేనూ తాగుతాగా. మీ కాళ్ళు మొక్కుతా, ఇప్పుడు తాగండి."

"అయితే తెల్లారాకే, ఇద్దరం."

పక్కింట్లో తీజ్ పాటలు మొదలయ్యాయి. ఈ ఉపవాసం చెడగొడితే మొగుడికి గండమని మా అత్తగారు చెప్పేది. పెళ్ళైనప్పటినుంచీ ఒక్క ఏడూ తప్పలేదు.

లోపలికెళ్ళి చెంబు మళ్ళీ నింపి, ఆయన కళ్ళెదుటే సగం తాగాను. మిగతాది ఆయన నోటికి పెట్టి, గొంతు కదులుతుందా లేదా అని చూస్తూ నిలబడ్డాను.