మొదట పంపిందెవరు?

“ఈ వీడియో మొదట పంపినవాడి పేరు చెప్పు. లేదంటే కేసులో నీ పేరే రాస్తాను” అన్నాడు ఎస్సై దేశాయ్, దశరథంతో హిందీలో.

వడోద్‌లో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే తెలుగు కార్మికుల వాట్సాప్ గ్రూపుకు దశరథమే అడ్మిన్. పొద్దున ఆ గ్రూపులో ఒక వీడియో వచ్చింది. ఎన్నికల్లో నిలబడ్డ అభ్యర్థి ఒకడు మైకు పట్టుకుని, తాను గెలిచిన మర్నాడే తెలుగువాళ్ల గదులన్నీ ఖాళీ చేయిస్తానంటున్నాడు. మధ్యాహ్నానికల్లా జనం సాంచాలు వదిలి రోడ్డెక్కారు. అభ్యర్థి ఆఫీసు మీద రాళ్లు పడ్డాయి. లోపల కుర్చీలు సర్దుతున్న మనిషి తల పగిలి ఆస్పత్రిలో పడ్డాడు. తీరా చూస్తే అది కంప్యూటర్‌లో తయారుచేసిన దొంగ వీడియో. ఎల్లుండే పోలింగ్.

“నాకు మల్లేష్ పంపిండు సాబ్. భయమై గ్రూపుల పెట్టిన.”

“జీపెక్కు.”

సాయంత్రం పోలీసులు మరమగ్గాల షెడ్డులోకి రాగానే మల్లేష్ సాంచా ఆపేశాడు. వాళ్ల వెనకాల దశరథాన్ని చూసి అంతా అర్థమైపోయింది.

“నా పేరు చెప్పినవా అన్నా?”

“ఏం జెయ్యాలె తమ్మీ. నీకెవలు పంపిండ్రో చెప్పు, ఇడిసిపెడ్తరు.”

మల్లేష్ తల వంచుకుని నిలబడ్డాడు. దేశాయ్ అతని కాలరు పట్టుకుని గుంజాడు. కానిస్టేబుల్ అతని జేబులోంచి ఫోను లాక్కున్నాడు. అప్పుడు మాత్రం మల్లేష్ చేతులు జోడించాడు.

“మా అత్త సాబ్. ముసల్ది. ఆమెనేం అనకుండ్రి.”

మల్లేష్ అత్త వెంకటవ్వ గదిలో కింద కూర్చుని చీర అంచుకు రాళ్లు అతికిస్తోంది. గుమ్మంలో ఖాకీ బట్టలు కనబడేసరికి చేతిలోంచి చీర జారిపోయింది. చుట్టుపక్కల గదులవాళ్లు వరండాలో మూగారు.

“నేనే పంపిన” అంది, దశరథం అడగ్గానే. “ఇండ్లు కాళీ చేపిస్తరంట, జర పైలంగుండు బిడ్డా అని అల్లునికి పంపిన. గది తప్పా?”

దశరథం ఆ మాటల్ని హిందీలో చెప్పాడు. “ఈమెకు పంపినవాడే అసలు దొంగ” అన్నాడు దేశాయ్. “ఫోను ఇమ్మను. ఈమెను కూడా జీపెక్కించండి.”

మల్లేష్ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. “ఆమెను తీస్కపోతె ముంగట నన్ను తీస్కపోండ్రి.”

వరండాలో గొంతులు లేచాయి. కానిస్టేబుల్ లాఠీ పైకెత్తాడు. ఇంకొక్క మాట పడితే మళ్లీ రాళ్లు లేచేలా ఉన్నాయి.

“ఆగు” అన్నాడు దేశాయ్. అతని కళ్లు వెంకటవ్వ ఇచ్చిన ఫోను మీదే ఉన్నాయి. వీడియో కింద అదే నంబరు నుంచి గుజరాతీలో ఇంకో మెసేజ్ ఉంది. దాన్ని రెండోసారి చదువుకున్నాడు.

“ఏం రాసుంది సాబ్?” అన్నాడు దశరథం.

“‘ఈ వీడియో అబద్ధం. నమ్మకండి. ఎవరికీ పంపకండి.’ ఇది ఎన్నికల ఆఫీసు హెచ్చరిక.” దేశాయ్ ముసలామె వైపు తిరిగాడు. “కింద ఇంత రాసి ఉంటే, పైది మాత్రమే ఎందుకు పంపింది?”

దశరథం అడిగాడు.

“గుజరాతీ నాకేమొస్తది? బొమ్మ మాట్లాడింది, ఇన్న. గదే పంపిన.”

వరండాలో సద్దు తగ్గింది. కానిస్టేబుల్ లాఠీ దించాడు. దేశాయ్ కోపం మాత్రం తగ్గలేదు.

“ఇట్లాంటి హెచ్చరికలు పైనుంచి మాకూ రోజూ వస్తాయి, మేమూ బస్తీ నంబర్లకు పంపుతుంటాం. అక్షరం ముక్క గుజరాతీ రానివాళ్లకు దీన్ని పంపిన మూర్ఖుడెవడు? తలకాయలు పగిలింది వాడివల్ల. వాడిమీదే కేసు పెడతాను.” ఫోను దశరథం చేతికిచ్చాడు. “పంపినవాడి పేరు తెలుగులో ఉంది. చదువు.”

దశరథం చూశాడు. తలెత్తి ఒకసారి దేశాయ్ మొహంలోకి చూశాడు.

“చదవమంటే చదవవేం?”

దేశాయ్ ఫోను లాక్కుని ఆ పేరు మీద నొక్కి, కాల్ కలిపాడు.

దేశాయ్ చొక్కా జేబులోనే ఫోను మోగింది.