కృత్తిక మరునాటి గేటు

"మీరెవరో తెలియలేదు. దయచేసి పక్కకు తప్పుకోండి" అంది గేటు.

ఎలుమలై కదల్లేదు. నున్నటి గుండు మీద పూసుకున్న గంధం ఇంకా పచ్చగానే ఉంది. అతని వెనక వరసగా మరెన్నో గుండ్లు ఎండకు మెరుస్తున్నాయి. అందరూ నిన్న ఆడికృత్తిక పండక్కి తిరుత్తణి స్వామి కొండెక్కి, తలనీలాలిచ్చి మొక్కు తీర్చుకుని, పొద్దున్నే కడంబత్తూరు దగ్గర ఈ రబ్బరు సీళ్ల ఫ్యాక్టరీకి పనికొచ్చినవాళ్లే. జుట్టున్నవాళ్లకు దర్జాగా తెరుచుకున్న గేటు, వీళ్లను చూడగానే మూతి ముడుచుకు కూర్చుంది.

"ఎన్నప్పా ఇది. నిన్నా మొన్నా పనికి చేరినోడినా నేను? ఎవరో తెలీదంటాదే" అన్నాడు ఎలుమలై.

షిఫ్టు సూపర్‌వైజర్ వనజాక్షి లోపలి నుంచి బయటికి పరుగున వచ్చింది. గేటు పక్కనే చంద్రు ట్యాబ్ పట్టుకుని బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. మొహం చూసి మనిషిని పోల్చే ఈ మిషన్ను పోయిన వారం చెన్నై నుంచి తెచ్చి ఈ గేటుకూ ఆఫీసు గేటుకూ బిగించింది అతనే.

"చంద్రూ, గేటు తియ్యి."

"తీయకూడదక్కా. జుట్టూ మీసాలూ ఉన్న ఫోటోలు చూపించి దీనికి నేర్పించినాము. ఇప్పుడు పోల్చుకోలేక పోతా ఉంది. చేత్తో తెరిచేదానికి బటన్ ఉంది గానీ, దాన్ని ఎవురూ ముట్టగూడదని ఓనరయ్య ఆర్డరు. ఇంకాసేపు పోతే అదే అందరికీ ఆబ్సెంట్ వేసేస్తాది."

గుండు మీదికి చీర కొంగు లాక్కుంటూ సరసమ్మ ముందుకొచ్చింది. "ఎవుర్ని పర్మనెంట్ చేయాల్నో కూడా ఈ మిషనే చెప్తాదంట గదమ్మా. ఈ నెలలో ఆబ్సెంట్ పడితే నా కత అంతేనా?"

మొక్కు తీర్చుకొచ్చిన మనిషి తప్పు చేసినదానిలా తల దాచుకుంటుంటే వనజాక్షికి ఒళ్లు మండిపోయింది. ఫోన్ తీసి ఓనర్ తణికాచలానికి కొట్టింది. ఆయన మాట కాదన్నవాళ్లు ఆ ఫ్యాక్టరీలో ఇంతవరకు లేరు. మొదటి రింగుకే ఎత్తాడాయన.

"అయ్యా, నేను వనజాక్షిని. కొండకు పోయి గుండు చేయించుకోని వచ్చినోళ్లను మిషన్ లోపలికి రానీలేదు. గేటు తీయమని చెప్పండి."

"మిషన్ ఎందుకు పెట్టినాను వనజాక్షీ? నా మనిషి, నీ మనిషి అనే పేచీ లేకుండా అందరికీ ఒకటే న్యాయం ఉండాలని గదా. నేనే వచ్చి అడిగినా చేత్తో తీయగూడదు అన్నానా లేదా?"

"అన్నారయ్యా. మీరు మంచికే పెట్టినారు. కానీ వాచ్‌మన్ తప్పు చేస్తే నేను అడుగుతాను. నేను తప్పు చేస్తే మీరు అడుగుతారు. ఇది తప్పు చేస్తే యాడికి పోయి అడిగేది?"

ఫోన్‌లో అవతల ఏదో లారీ హారన్ వినిపించింది.

"అయితే మిషనే వద్దంటావా?"

"వద్దనలేదయ్యా. దాని పని దాన్ని చెయ్యనీండి. దాని పైన మాట చెప్పేదానికి ఒక మనిషి ఉండాల. మంచికీ చెడ్డకీ ఆ మనిషే జవాబు చెప్పాల."

"ఎవురా మనిషి?"

"ఈ పొద్దుకు నేనే. వీళ్లల్లో ఒక్కరు బయటోళ్లయినా నన్ను అడగండి."

"నా ఆర్డరు మీరి గేటు తెరిస్తే, నీ ఉద్యోగం ఈ పొద్దుతోనే సరి. బాగా ఆలోచించుకో."

వనజాక్షి ఇంట్లో ఆమె జీతం ఒక్కటే దిక్కు. సరసమ్మ వైపు చూసింది. ఇక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

"ఆలోచించుకున్నానయ్యా" అని, ఫోన్ చెవి దగ్గర నుంచి తీయకుండానే బటన్ నొక్కింది.

గేటు బార్లా తెరుచుకుంది. "అరోహరా" అని వెనక నుంచి ఎవరో కొండ మీది స్వామి నినాదం అందుకున్నారు. మరుక్షణం రోడ్డంతా అరోహరాతో మారుమోగింది. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి వనజాక్షి లోపలికి పంపింది. జుట్టుతో పనేముంది, నడక చూస్తే చాలు ఆమెకు. ఎలుమలై కెమెరా ముందు ఆగి, గుండు నిమురుకుని, దానికో దండం పెట్టి మరీ పోయాడు. చంద్రు కూడా నవ్వేశాడు.

"అక్కా, అందరికీ ప్రెజెంట్ వేసేసినాను. ఎవురి మాట మీద అనే కాడ నీ పేరు పెట్టినాను" అన్నాడు.

సరసమ్మ కొంగు భుజం మీదికి జారవిడిచి, తలెత్తుకుని లోపలికి నడిచింది. ఉద్యోగం పోయినా ఆ నడక చూసినందుకు వనజాక్షి కడుపు నిండిపోయింది.

"గేటు తీసేసినావా?" అన్నాడు తణికాచలం ఫోన్‌లో.

"తీసేసినానయ్యా. అందరూ లోపలికి పోయినారు. నేను బయట నిలబడుండాను. మీరేమన్నా సరే."

"బయట నిలబడి ఏం చేస్తావు? ఉద్యోగం పోతాదన్నా వాళ్ల కోసం నిలబడితివి. ఇకమీద మిషన్ కన్నా నీదే పైమాట" అని, గొంతు బాగా తగ్గించాడు ఆయన. "బిరీన ఆఫీసు వైపుకొచ్చి ఈ గేటు కూడా తియ్యమ్మా. నిన్న కొండ మీద నేనూ గుండు కొట్టించుకుంటిని, పొద్దున్నుంచి నన్ను కూడా ఎవురో తెలీదంటా ఉంది."